ఘాతాంక ప్రమేయం – తెలుగు వాక్యం: పావులూరి మల్లన పద్యం నుండి పులికాట్ తీరపు బడి వరకు

ఉపోద్ఘాతం

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రహదారి పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. ఆ దారికి ఒక కొసన బీజగణితాన్ని తెలుగులో మొదలుపెట్టే బడులున్నాయి. రెండో కొసన, సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న దీవి నుండి, 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. రాకెట్ చేరవలసిన వేగాన్ని బట్టి దాని బరువులో ఎంత భాగం ఇంధనం కావాలో తెలిపే సూత్రం ఒక ఘాతాంక ప్రమేయం. బడిలోని విద్యార్థికి ఘాతాంకం తెలుసు. భూమి అన్న మాటా తెలుసు. అయినా ఒక మాటల లెక్కను చదివి, దానికి తగిన ప్రమేయాన్ని తానే రాయవలసి వచ్చినప్పుడు అతడు తరచు తడబడతాడు. ఈ తడబాటును గణిత లోపంగా మాత్రమే చూడడం పరిపాటి. దానిలో వాక్యానికి సంబంధించిన భాగమెంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు తెలుగులోని రెండు పాత ఆధారాలను తీసుకుంటుంది: పావులూరి మల్లన చదరంగపు పద్యం ఒకటి, ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారం మరొకటి. మొదటిది ఫలితాన్ని చెబుతుంది. రెండవది సంబంధాన్ని చూపుతుంది. బీజగణితపు తొలి పాఠానికి కావలసినది రెండవదే.

చదరంగపు పద్యం: సంఖ్యా, సూత్రమా?

తెలుగులో తొలి గణిత గ్రంథంగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే రచన పావులూరి మల్లన సారసంగ్రహ గణితం. పావులూరి గణితమన్న పేరుతోనే అది ఎక్కువ ప్రసిద్ధం. మల్లనను సాధారణంగా 11వ శతాబ్ది కవిగా పరిగణిస్తారు. తాతా మనుమలిద్దరికీ ఆ పేరే ఉండడం వల్ల కర్తృత్వం, కాలం విషయంలో పండితుల నడుమ చర్చ ఉంది. ఈ గ్రంథానికి మూలం, రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహం. ఆ మూలాన్ని ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రచురించారు.

మల్లన పద్యాల్లో బాగా ప్రచారం పొందినది చదరంగపు గళ్ల లెక్క. మొదటి గడికి ఒకటి, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు. ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత అన్నది విషయం. జవాబు 18446744073709551615. ఈ 20 అంకెల సంఖ్యను మల్లన భూతసంఖ్యల్లో, ఒకట్ల స్థానం మొదలుకొని, ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. శర, సాయక శబ్దాలకు ఐదు. గగన, వియత్ శబ్దాలకు సున్న. వేద శబ్దానికి నాలుగు. ఇలా మాటలే అంకెలయ్యాయి.

ఈ రచనా పద్ధతి గుణాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. రాతప్రతిలో ఒక అంకె జారిపోతే చదువరికి తెలియదు. పద్యంలో ఒక మాట జారిపోతే గణం కుంటుతుంది. యతి ప్రాసలు తప్పుతాయి. లోపం వెంటనే బయటపడుతుంది. లేఖకుడు ఒక పర్యాయపదానికి బదులు ఛందస్సుకు సరిపడే మరొక పర్యాయపదాన్ని రాసినా సంఖ్య మారదు. ఛందస్సు ఇక్కడ అలంకారం కాదు, సంఖ్యకు కాపలా. చంపకమాల నడక తెలిసిన తెలుగువాడు 20 అంకెలను పొల్లుపోకుండా వందల ఏళ్లు మోసుకురాగలిగాడంటే కారణం అదే.

అయితే అదే గుణం ఒక పరిమితి కూడా. పద్యం కంఠస్థమైనవాడికి 64 గళ్ల మొత్తం తెలుస్తుంది. పలకకు ఇంకొక గడి కలిపితే ఎంత, పదో గడిలో ఎంత అన్న ప్రశ్నలకు ఆ అంకెల వరుస జవాబు చెప్పదు. పైగా అది ఏ గడి విలువా కాదు, గళ్లన్నింటి సంకలితం. చివరి గడిలోని విలువ ఒక్కటే 2⁶³, అంటే 9223372036854775808. మొత్తం దానికి రెట్టింపులో ఒకటి తక్కువ. గడి గడికీ మారే విలువను చెప్పేది ప్రమేయం. అన్నిటినీ కూడితే వచ్చేది సంకలితం. ఈ రెంటినీ ఒకటిగా భావించడం తొలి మెట్టులోనే జరిగే పొరపాటు.

ఇదే లెక్క మరొక మెలికను కూడా చూపుతుంది. గళ్లు 64, రెట్టింపులు 63. మొదటి గడిలో రెట్టింపు ఇంకా మొదలు కాలేదు. అక్కడ ఘాతాంకం సున్న, విలువ ఒకటి. సున్న ఘాతాంకానికి విలువ ఒకటి ఎందుకన్న ప్రశ్నకు చదరంగపు పలక ఇచ్చే జవాబు ఇదే: ఒక్కసారి కూడా రెట్టించకముందు ఉన్నది అదే కనుక. గడి వరుస సంఖ్యను నేరుగా ఘాతాంకంగా రాసే విద్యార్థి గుణకారంలో తప్పు చేయడం లేదు. “ఎన్నవ గడి” అన్న ప్రశ్ననూ “ఎన్ని మార్లు రెట్టించాం” అన్న ప్రశ్ననూ కలిపేస్తున్నాడు. తరగతి గదిలో వినిపించే “రెండును రెండుతో ఐదుసార్లు గుణించగా 2⁵” అన్న వాక్యం ఈ గందరగోళానికి తోడ్పడుతుంది. రెండుతో మొదలుపెట్టి ఐదుసార్లు రెండుతో గుణిస్తే వచ్చేది 64, అంటే 2⁶. “ఒకటిని ఐదు మార్లు రెట్టించగా” అన్నప్పుడే వాక్యమూ గుర్తూ సరిపోతాయి.

ప్రస్తారం: అక్షరానికొక రెట్టింపు

మల్లన పద్యం చెప్పని సంబంధాన్ని ఆ పద్యపు ఛందస్సే చూపుతుంది. వృత్తంలో ప్రతి అక్షరం గురువో లఘువో కావాలి. ఒక అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. తెలుగు విద్యార్థికి గణాలుగా తెలిసిన మ, య, ర, స, త, జ, భ, న ఎనిమిదే ఎందుకన్నదానికి కారణం ఈ మూడు రెట్టింపులే. ఉక్త మొదలు ఉత్కృతి వరకు 26 ఛందాలు. పాదానికి ఒక్కొక్క అక్షరం పెరిగేకొద్దీ వృత్తాల సంఖ్య ముందటిదానికి రెట్టింపవుతుంది. 26 అక్షరాల ఉత్కృతిలో 6,71,08,864 వృత్తాలకు చోటుంది. అన్ని ఛందాల వృత్తాలనూ కూడితే 13,42,17,726. అది ఉత్కృతి సంఖ్యకు రెట్టింపులో రెండు తక్కువ. మల్లన సంకలితంలో ఒకటి తక్కువ, ఇక్కడ రెండు తక్కువ. అక్కడ వరుస ఒకటితో మొదలైంది, ఇక్కడ రెండుతో మొదలైంది, తేడా అంతే. మొదటి విలువ మారితే ప్రమేయం ఎలా మారుతుందో చూపడానికి ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టదగినవి.

చంపకమాల 21 అక్షరాల ప్రకృతి ఛందానికి చెందినది. ఆ ఛందంలోని 20,97,152 వృత్తాల్లో దాని స్థానం 7,11,600. అంటే 64 గళ్ల రెట్టింపులను మోస్తున్న పద్యం తానే 21 రెట్టింపుల పట్టికలో ఒక గడి. మల్లన ఈ విషయాన్ని ఉద్దేశించాడని చెప్పడానికి ఆధారం లేదు. ఉద్దేశించినా, ఉద్దేశించకపోయినా నిజం మారదు.

ఇంతకన్నా ముఖ్యమైనది లెక్కించే పద్ధతి. పింగళుని ఛందస్సూత్రాల్లోనూ, శ్రేఢి గణితానికి అన్వయిస్తూ మహావీరాచార్యుని గ్రంథంలోనూ కనిపించే విధానం ఇది: ఘాతాంకం సరిసంఖ్య అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసివెయ్యి, తిరిగి వచ్చేటప్పుడు సగం చేసినచోట వర్గం, ఒకటి తీసినచోట గుణకారం. 21 విషయంలో ఇది 21, 20, 10, 5, 4, 2, 1, సున్నగా దిగుతుంది. తిరుగు దారిలో 1, 2, 4, 16, 32, 1024, 10,48,576, 20,97,152. ఇరవైయొక్క మార్లు రెట్టించవలసినచోట ఏడు అడుగులు సరిపోయాయి. ఈ పద్ధతిలో దృష్టి ఫలితం మీద కాక ఘాతాంకం మీద ఉంది. ఘాతాంకాన్ని విడిగా తీసి, సగం చేసి, తగ్గించి, దానితో పనిచేయడం ఇక్కడ స్పష్టంగా ఉంది. చదరంగపు పద్యంలో లేనిది ఇదే.

దీన్ని బట్టి ప్రమేయ భావన తెలుగువారికి అప్పుడే ఉందనడం తొందరపాటు. ప్రస్తారంలో ఘాతాంకం ఎప్పుడూ పూర్ణాంకమే. ఒకటిన్నర అక్షరాల పాదం ఉండదు. ఏ విలువనైనా తీసుకోగల చరరాశికి అక్కడ పేరు లేదు. ఉన్నది మాత్రం ఒకటుంది: “ఇది ఇంత పెరిగేకొద్దీ అది అన్ని రెట్లవుతుంది” అని చెప్పే పట్టిక. బడి పాఠానికి అది చాలినంత పునాది.

చొప్పున, రెట్లు, సగానికి సగం

పట్టిక నుండి వాక్యానికి వస్తే అసలు చిక్కు మొదలవుతుంది. ఒక లెక్కలో రెండు విలువలే ఉన్నాయనుకుంటే: మొదట 5, ఒక రోజు తరవాత 10. రోజుకు ఐదు కలుస్తున్నదా, రోజుకు రెట్టింపవుతున్నదా? రెండు ప్రమేయాలూ ఈ రెండు విలువలకు సరిపోతాయి. మూడో రోజు నుండి దారులు వేరు: ఒకటి 15, 20, 25 అని నడిస్తే రెండవది 20, 40, 80 అని ఎగబాకుతుంది. ఏ దారి అన్నది అంకెలు చెప్పలేవు, వాక్యమే చెప్పాలి. కనుక ప్రమేయ రచనలో వాక్యం అంకెలకు తొడుగు కాదు, దత్తాంశంలో భాగం.

తెలుగు వాక్యంలో ఈ పని చేసే మాటలు మూడు ముఖ్యంగా పరిశీలించదగినవి. మొదటిది “చొప్పున”. “రోజుకు పది రూపాయల చొప్పున” అన్నప్పుడు ఆ మాట సమానమైన కలపడాన్ని సూచిస్తుంది. కూలికీ, కిరాయికీ, అద్దెకూ వాడుకలో ఉన్నది ఈ అర్థమే. అదే మాటను “ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది” అని శాతంతో కలిపినప్పుడు విద్యార్థికి పాత అలవాటే అడ్డు వస్తుంది. వెయ్యికి మూడేళ్లలో 1300 అంటాడు. లెక్క ఉద్దేశించినది 1331. తప్పు విద్యార్థిది కాదు. “ముందటి ఏటి విలువ మీద” అన్న మాటను వాక్యం మింగేసింది.

రెండవది “రెట్లు”. “మూడు రెట్లయింది” అంటే అర్థం ఒక్కటే. “మూడు రెట్లు పెరిగింది” అంటే రెండర్థాలు: మూడింతలైందా, ఉన్నదానికి మరో మూడింతలు చేరి నాలుగింతలైందా? వార్తల భాషలో ఈ సందిగ్ధత చెల్లిపోతుంది. ప్రమేయంలో చెల్లదు, గుణకం మూడా నాలుగా అన్నదాని మీద పదో మెట్టులోని విలువ ఎన్నో రెట్లు తేడా పడుతుంది. “అయింది”, “పెరిగింది” అన్న క్రియల భేదాన్ని పాఠం మొదట్లోనే నేర్పవలసి ఉంది. ఇబ్బడి, ముబ్బడి అన్న పాత మాటలు ఈ విషయంలో స్పష్టమైనవి. 

మూడవది “సగానికి సగం”. వాడుకలో ఇది నొక్కిచెప్పే మాట: “పంట సగానికి సగం పోయింది” అంటే కచ్చితంగా సగం పోయిందని అర్థం. గణితంలో సగానికి సగం పావు. తగ్గుదలను సూచించే ఘాతాంక ప్రమేయాలను, అంటే గుణకం ఒకటి కన్నా తక్కువైనవాటిని, పరిచయం చేసేటప్పుడు ఈ జాతీయం అడ్డు రావచ్చు, ఉపకరించనూవచ్చు. జాతీయార్థాన్నీ అక్షరార్థాన్నీ విడదీసి చూపే ఉపాధ్యాయుడికి అది మంచి పరికరం.

వాక్యం మీద ఆధారపడేది పరీక్ష మార్కులు మాత్రమే కాదు. నెలకు “నూటికి రెండు” అన్న వడ్డీ మాట తెలుగు ఊళ్లన్నింటా వినిపించేదే. చేపల వేట మీద, చిన్న వ్యాపారాల మీద బతికే పులికాట్ తీరానికీ అది కొత్త కాదు. పదివేల అప్పుకు ఈ లెక్కన బారువడ్డీ అయితే ఏడాదికి మొత్తం 12,400. నెలనెలా వడ్డీ అసలులో కలిస్తే 12,682. తేడా 282 రూపాయలే కనుక ఎవరూ పట్టించుకోరు. ఐదేళ్లకు మొదటిది 22,000. రెండవది సుమారు 32,810. “నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున” అన్న మాట ఈ రెంటిలో ఏదో చెప్పదు. “వడ్డీకి వడ్డీ” అన్న రెండు మాటలు చేరితేనే తెలుస్తుంది. సరళరేఖకూ ఘాతాంక వక్రానికీ నడుమ తేడా ప్రోనోటులో రెండు మాటలంత. అవి ఉన్నాయో లేవో చూసి సంతకం చేయగలగడం బీజగణితం ఇవ్వగల చదువు.

గుర్తు వరుస, వాక్యం వరుస

ఘాతాంకాన్ని చిన్న అంకెగా భూమికి పైన కుడివైపు రాసే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినది రెనె డెకార్ట్ జ్యామితి గ్రంథం. అది 1637లో లైడెన్ నగరంలో అచ్చయింది. అప్పటికి అదే దేశపు డచ్చి వర్తకులు పులికాట్‌లో గెల్డ్రియా కోటను నిలిపి రెండు దశాబ్దాలు దాటింది. అయినా ఆ గుర్తు ఈ తీరానికి వారి ఓడల్లో రాలేదు. చాలా కాలం తరవాత ఇంగ్లీషు చదువుతో బడులకు వచ్చింది. గుర్తుతోపాటు దాన్ని చదివే తీరు కూడా వచ్చింది. తెలుగు మాధ్యమపు తరగతిలోనూ “ఎ ఇంటూ బి పవర్ ఎక్స్” అన్నదే వినిపిస్తుంది.

ఈ చదువులో ఉన్న చిక్కు పదాలు పరభాషవి కావడం కాదు, వరుసది. గుర్తులో మొదటి విలువ ముందు, గుణకం తరవాత, ఘాతాంకం చివర. తెలుగులో విశేషణం విశేష్యానికి ముందు వస్తుంది. “ఐదు మార్లు రెట్టించిన మూడు” అన్న పదబంధంలో ఘాతాంకం ముందు, గుణకం తరవాత, మొదటి విలువ చివర. విలువ 96. గుర్తు వరుసకు ఇది అద్దంలో ప్రతిబింబం. తెలుగు వాక్యాన్ని ఎడమ నుండి కుడికి చదువుతూ అదే వరుసలో గుర్తులు పెట్టే విద్యార్థి ఐదును మొదటి విలువగా, మూడును ఘాతాంకంగా రాస్తే ఆశ్చర్యం లేదు. అప్పుడు జవాబు 40. ఈ పొరపాటుకు మందు మరిన్ని అభ్యాసాలు కాదు. వాక్యాన్ని వెనుక నుండి చదవాలని ఒక్కసారి చెప్పడం.

విలువలు పక్కపక్కన లేనప్పుడు ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. మొదట 5, మూడు రోజులకు 40 అని మాత్రమే తెలిస్తే, తేడా 35ను మూడుతో భాగించడం సరళరేఖ అలవాటు. రెట్టింపుల లెక్కలో తేడాకు చోటు లేదు, నిష్పత్తికే చోటు. 40లో 5 ఎనిమిది మార్లుంది. మూడు మార్లు గుణిస్తే ఎనిమిదయ్యే సంఖ్య రెండు. కనుక గుణకం రెండు, మొదటి విలువ ఐదు. “ఎంత ఎక్కువ?” అని అడగడం మాని “ఎన్ని రెట్లు?” అని అడగడమే ఈ పాఠంలోని మలుపు.

పై పరిశీలనలను కూర్చితే తెలుగులో ఘాతాంక ప్రమేయ వాక్యానికి మూడు అంగాలు తేలుతాయి. “మొదట” అన్నది తొలి విలువను నిలుపుతుంది. “కొద్దీ” అన్నది చరరాశిని చూపుతుంది. “చదివేకొద్దీ”, “పోయేకొద్దీ” అన్న వాడుకల్లో ఒకటి మారుతుంటే మరొకటి మారుతుందన్న భావం ఇప్పటికే ఉంది. “ముందటిదానికి ఇన్ని రెట్లు” అన్నది గుణకాన్ని తెలుపుతుంది. ఈ మూడింటిలో ఏది లోపించినా వాక్యం లెక్కగా పనికిరాదు.

ముగింపు

పులికాట్‌కు తెలుగులో ప్రళయకావేరి అన్న పేరుంది. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు ఆ తీరపు తెలుగును సాహిత్యంలోకి తెచ్చాయి. కథ మోసిన భాష లెక్కను మోయలేదనడానికి కారణం కనిపించదు. ఇందుకు పాత పద్యాలను పొగడడం చాలదు. మల్లన పద్యం సంఖ్యను కాపాడింది. సంబంధాన్ని చూపే బాధ్యత ఆ అంకెల వరుసది కాదు. ప్రస్తారం సంబంధాన్ని చూపింది. పూర్ణాంకాల దగ్గర ఆగింది. ఆ తరవాతి అడుగు బడి వేయాలి.

ఆ అడుగు చివర ఏముందో సరస్సు ఆవలి ఒడ్డున కనిపిస్తుంది. సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సూత్రాన్ని, గాలి నిరోధాన్నీ భూమ్యాకర్షణనూ పక్కన పెట్టి, ఈ వ్యాసం గుర్తించిన మూడు అంగాలతో ఇలా చెప్పవచ్చు: మొదట, వేగం ఏమీ పెరగనక్కరలేనప్పుడు, బయలుదేరే బరువూ చివర మిగిలే బరువూ ఒకటే, చేరవలసిన వేగం, వాయువులు వెలువడే వేగమంత చొప్పున ఒక్కొక్క మెట్టు పెరిగేకొద్దీ, బయలుదేరవలసిన బరువు ముందటిదానికి సుమారు 2.718 రెట్లవుతుంది. రెండు మెట్లకు సుమారు 7.4 రెట్లు, మూడు మెట్లకు సుమారు 20 రెట్లు. ఇక్కడ “చొప్పున” వేగానికే చెందింది. బరువుకు “రెట్లు” దక్కింది. మెట్టు ఒకటిన్నర కూడా కావచ్చు. ఛందస్సులో లేని అర అక్షరానికి ఇక్కడ చోటుంది. ఎనిమిదో తరగతి విద్యార్థికి ఈ వాక్యంలో తెలియని తెలుగు మాట లేదు.